బస్తా వెనక చదువు

ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు కొంటాలో కిరాణా కొట్టు నడిపే కన్యకాపరమేశ్వరి తన కూతురు వాసవిని ఇంట్లోనే చదివిస్తోంది. అది నేరం కాదని వకీలు ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. సర్కారు వాళ్లు సర్వే పేరుతో వచ్చి పిల్లను ఏ ఆశ్రమ బడిలోనో పడేస్తారని ఒకటే అనుమానం.

ఆ రోజు వీధిలో సర్కారు జీపు ఆగగానే ఆమె చటుక్కున లేచింది. పుస్తకాలన్నీ చింతపండు బస్తా వెనక్కి తోసి, కూతురి చేతికి తక్కెడ ఇచ్చింది.

"సదువు మాట ఎత్తకు. కొట్ల పని చేస్తనని చెప్పు."

లోపలికొచ్చిన విద్యాశాఖ అధికారి నవ్వుతూ, "ఏం సదువుతున్నవమ్మా?" అన్నాడు.

"సదువేంది సార్? కొట్ల పని చేస్త." వాసవి పొల్లుపోకుండా అప్పజెప్పింది.

అధికారి ముఖంలో నవ్వు మాయమైంది. "ఇంట్ల మంచిగ సదివిస్తున్నరని విని, ఓపెన్ స్కూలు పరీక్ష కాగితాలు తెచ్చిన," అంటూ వాటిని మళ్లీ సంచిలో పెట్టేశాడు. "పసిపిల్లతోటి పని చేయిస్తున్నరా?"