దళపతి మూసిన తలుపు

ఆమెకి నలభై దాటాయి, కణతల దగ్గర జుట్టు కూడా నెరిసింది, అయినా అన్నయ్య నోట ఆమె ఇంకా పిచ్చుకే. మనమూ అలాగే పిలుద్దాం. పిచ్చుకకి గొంతే బతుకుతెరువు. పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. చదివే తీరిక లేనివాళ్ళు, చూపు ఆనని పెద్దవాళ్ళు, నిద్రపోమని మొండికేసే పిల్లలు ఆమె గొంతుని చెవులకి తగిలించుకుని వింటారు.

ఆ ఏడు ఆమెకి ‘ఊదా గ్రహం దళం’ చదివే పని వచ్చింది. పిల్లల కోసం రాసిన ఆరు పుస్తకాలు. ఊదారంగు దుమ్ము కప్పిన ఒక గ్రహం మీద పెద్దవాళ్ళంతా యుద్ధంలో పోయాక, మిగిలిన పిల్లలే దళంగా చేరి, కొండల అవతలినుంచి వచ్చే ముసుగువాళ్ళతో పోరాడతారు. వాళ్ళ నాయకురాలు పదమూడేళ్ళ పిల్ల. అందరూ దళపతి అంటారు. ఆ పిల్ల వెనకాల, ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా, నత్త అనే పిల్లాడు.

ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఫోన్ చేసి, “ఇవి మీకు తెలిసే ఉంటాయి” అంటే పిచ్చుక గట్టిగా నవ్వేసింది. తెలియకపోవడమేమిటి! ఎనిమిదేళ్ళప్పుడు కళ్ళకి ఆపరేషనై, ఆ వేసవంతా కట్టుతో పడుకుని ఉంటే, అన్నయ్య మంచం పక్కన కూర్చుని ఆరూ చదివి వినిపించాడు. కట్టు విప్పేనాటికి అవి అద్దెపుస్తకాల దుకాణానికి తిరిగి వెళ్ళిపోయాయి. కథంతా నోటికొచ్చు కాబట్టి మళ్ళీ తెరవాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇప్పుడు తెరిచింది. మొదటి పుస్తకంలోనే పంటికింద రాయి తగిలినట్టయింది. ముసుగువాళ్ళ దూత తెల్లజెండా పట్టుకుని వస్తే, దళపతి అతన్ని కూర్చోబెట్టి తియ్యగా మాట్లాడుతూ, ఈలోగా అతనొచ్చిన దారి పొడుగునా గుర్తులు పెట్టించింది. ఇదెక్కడిది? తనకి తెలిసిన దళపతి ఆడినమాట తప్పేది కాదే! మర్చిపోయుంటానులే అనుకుని ముందుకు పోయింది. రెండో పుస్తకంలో దళం శత్రువుల మంచినీళ్ళ ఊటలో విషం కలిపింది. ఆ ఊట దగ్గర ముసుగువాళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. పిచ్చుక చదవడం ఆపేసింది.

అద్దం అవతలినుంచి సౌండ్ ఇంజనీరు మైకులో అడిగాడు. “ఏమైంది మేడం? గొంతు పట్టేసిందా?”

“ఈ పేజీ ఎవరు రాశారు?”

“రాసినాయనే రాసుంటాడు కదండీ.”

“నాకలా అనిపించడం లేదు.”

ఇంజనీరు భుజాలెగరేసి మళ్ళీ కునుకులోకి జారుకున్నాడు. ఆయనకది మామూలే. పిచ్చుకకి మాత్రం ఆ నిద్ర కూడా నటనేమో అనిపించింది. ఆ రోజునుంచి ప్రతి పేజీనీ దొంగనోటుని వెలుతురుకి పట్టినట్టు చూడసాగింది. ఇక్కడ అచ్చు కాస్త చిన్నదిగా లేదూ? ఈ పేరా కొత్తగా ఇరికించినట్టు లేదూ? ఈ కాలం పిల్లలకి నెత్తురు చూపిస్తేనే అమ్ముడుపోతాయని ఎవరో తెలివైనవాడు పాత కథని చెడగొట్టుంటాడు. సంపాదకురాలు మొదటిరోజే అంత మర్యాదగా మాట్లాడినప్పుడు అనుమానించాల్సింది.

నాలుగో పుస్తకంలో సొరంగం వచ్చింది. ఈ ఘట్టం కోసమే ఆమె ఇన్నాళ్ళూ ఎదురుచూసింది. ముసుగువాళ్ళు వెంటపడుతుంటే దళం చిన్నపిల్లల్ని సొరంగంలోంచి దాటిస్తుంది. నత్త వెనకబడిపోతాడు. దళపతి వెనక్కి పరిగెత్తి, వాణ్ణి వీపు మీద వేసుకుని, ఇనపతలుపు మూసుకుపోయేలోగా బయటపడుతుంది. పిచ్చుకకి ఊపిరాడని బాధ వచ్చినప్పుడల్లా తలుచుకునే దృశ్యమది.

పుస్తకంలో దళపతి వెనక్కి వెళ్ళలేదు. తలుపు గడియ తనే వేసింది. లోపలినుంచి నత్త తట్టాడు, పేరు పెట్టి పిలిచాడు. దళపతి పిల్లల్ని లెక్కపెట్టుకుని, “నడవండి” అంది. అధ్యాయం అయిపోయింది.

పిచ్చుక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, సరాసరి సంపాదకురాలి ఆఫీసుకి వెళ్ళింది.

“మీరు కథ మార్చారు,” అంది, కుర్చీలో కూర్చోకుండానే.

సంపాదకురాలు కళ్ళజోడు పైకి తోసుకుంది. “ఏ కథండీ?”

“నత్తని చంపేశారు.”

“మేమా?” ఆవిడకి నవ్వాలో భయపడాలో తెలియలేదు. లేచి అలమరలోంచి ఒక పాత ప్రతి తీసి ఇచ్చింది. అట్ట మూలలు నలిగాయి. పిచ్చుక దాన్ని వాసన చూసింది, కుట్టు చూసింది, అచ్చయిన ఏడాది చూసింది. తను పుట్టకముందుది. సొరంగం దాకా తిప్పింది. గడియ అక్కడే ఉంది, తట్టడం అక్కడే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు.

“చిన్నప్పుడు చదివింది ఒక్కోసారి అలా...” అని సంపాదకురాలు అనునయంగా మొదలెట్టింది.

“చదవలేదు,” అంది పిచ్చుక. “విన్నాను.”

అనగానే చేతిలోని పాత ప్రతిని మూసేసింది. చదివిందెవరు మరి?

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ వేసవిని తవ్వుకుంటూనే ఉంది. కట్టు కింద ఆమెకి చీకటి తప్ప ఏమీ లేదు. మిగతా ప్రపంచమంతా పద్నాలుగేళ్ళ అన్నయ్య నోట్లోంచే వచ్చింది. ఇవాళ మబ్బు పట్టిందంటే మబ్బు. కర్టెన్ మార్చారంటే మార్చారు. ఎదురింటి పిల్ల, తన ప్రాణస్నేహితురాలు, వీధి అవతల వాళ్ళ కిటికీలోంచి చెయ్యి ఊపుతోందంటే, పిచ్చుక కూడా అటు తిరిగి చెయ్యి ఊపేది. కథనే మార్చి చెప్పినవాడు ఇంకేవేవి మార్చాడో!

అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. విప్పిన మిషన్లు, వేలాడే బెల్టులు, నూనె వాసన. పిచ్చుకని చూసి, చేతిలో స్క్రూడ్రైవర్ దించకుండానే, “ఏమే పిచ్చుకా, దారి తప్పావా?” అన్నాడు. వదిన లోపలినుంచి టీ, మంచినీళ్ళు తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టింది.

పిచ్చుక సంచిలోంచి నాలుగో పుస్తకం తీసింది. అన్నయ్య అట్ట చూడగానే, “ఓహో, సొరంగంది!” అన్నాడు.

అంత చప్పున ఎలా గుర్తొచ్చింది? ఆ అనుమానాన్నీ ఒక మూల దాచుకుని, “చదువు,” అంది.

“ఇప్పుడా? చేతులన్నీ నూనె.”

“తుడుచుకో.”

వదిన గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. అన్నయ్య పాతగుడ్డతో చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని అంచులు పట్టుకుని చదవడం మొదలెట్టాడు. గొంతు బరువెక్కింది గానీ, వాక్యం చివర కాస్త సాగదీయడం మాత్రం అలాగే ఉంది. పిచ్చుక రెప్ప వెయ్యకుండా అతని మొహమే చూస్తోంది, ఎక్కడ తడబడతాడా అని. అతను తడబడలేదు. పిల్లలు సొరంగం దాటారు. నత్త వెనకబడ్డాడు. దళపతి గడియ మీద చెయ్యి వేసింది. అక్కడికొచ్చేసరికి అన్నయ్య, కళ్ళు పేజీ మీదే ఉంచి, ఎడంచేత్తో పిచ్చుక ముందున్న నీళ్ళ గ్లాసు తీసి మిషన్ అవతల పెట్టేశాడు.

“గ్లాసెందుకు జరిపావు?”

అతను ఆగాడు. తన చేతినే కొత్తగా చూసుకున్నాడు. “ఏమో. ఇక్కడికొచ్చేసరికి విసిరేదానివి కదా.”

“నేనా?”

“గుర్తులేదూ? గ్లాసు విసిరావు, మందుసీసా విసిరావు. మళ్ళీ చదవమన్నావు. చదివితే మళ్ళీ అదేగా వస్తుంది! మళ్ళీ విసిరావు. అమ్మ చివరికి నీ చేతికందేవన్నీ తీసేసింది.”

“అబద్ధం. నువ్వే మార్చి చదివావు. దళపతి వెనక్కెళ్ళిందని చెప్పావు.”

“నాకంత కల్పన ఎక్కడిదే? నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. వెనక్కెళ్ళిందన్నది నువ్వు. వీపు మీద వేసుకుందన్నదీ నువ్వే. నేను ఊఁ కొట్టాను, అంతే.”

“మరి తర్వాతి పుస్తకాల్లో నత్త ఉన్నాడుగా? ఎన్ని మాటలు మాట్లాడతాడు!”

“నువ్వుంచావు. నేనొక వాక్యం చదివితే, మధ్యలో దూరి వాడిచేత ఏదో ఒకటి అనిపించేదానివి.”

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిచ్చుకకి మొహం వేడెక్కింది. నమ్మబుద్ధి కాలేదు. కానీ ఆ గ్లాసు జరిపిన చెయ్యిని కాదనడమెలా? మనిషి నోరు అబద్ధమాడొచ్చు, తనకి తెలియకుండా కదిలిన చెయ్యి ఎలా ఆడుతుంది? దిక్కుతోచక చేతికందిన రెండో అనుమానాన్ని విసిరింది.

“అయితే ఎదురింటి పిల్ల రోజూ చెయ్యి ఊపిందన్నావు. అది కూడా నేనే అల్లుకున్నానా?”

అన్నయ్య పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. పక్కనున్న దారం చుట్టే బాబిన్ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

“అది నేనే,” అన్నాడు. “వాళ్ళు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.”

“ఎప్పుడు?”

“నీకు కట్టు కట్టిన కొత్తల్లోనే.”

“నేను చెయ్యి ఊపేదాన్ని,” అంది పిచ్చుక. “తాళం వేసిన ఇంటికి!”

“పుస్తకం వింటే నీకు కోపం వచ్చింది గానీ ఏడవలేదే. ఇది చెబితే ఏడ్చేదానివి. కట్టు తడిస్తే కళ్ళు పోతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేనేం చెయ్యను?”

ఆమె టీ ముట్టకుండా లేచి వచ్చేసింది. వదిన వీధి చివరిదాకా పిలుస్తూనే ఉంది.

మర్నాడు స్టూడియోలో, మొదటి పుస్తకంనుంచి మళ్ళీ రికార్డు చేస్తానంది. ఇంజనీరు నెత్తి పట్టుకున్నాడు. “బాగానే వచ్చింది కదా మేడం!”

“దళపతిని దేవతలా చదివాను. ఆ పిల్ల అలాంటిది కాదు.”

ఈసారి చక్కెర కలపకుండా చదివింది. దూతతో మాట్లాడేటప్పుడు ఆ తియ్యదనం వెనక ఎత్తుగడ వినిపించింది. ఊట దగ్గర ఆ పిల్ల గొంతు ఒక్క క్షణం వణికి, వెంటనే సర్దుకుంది. సొరంగం దగ్గర, “నడవండి” అన్న మాటని పిచ్చుక మామూలుగా, రోజూ బడికి బయల్దేరదీసినట్టు అంది. అద్దం అవతల ఇంజనీరు కునుకు మాని నిటారుగా కూర్చున్నాడు. రికార్డింగు ఆపి, “ఆ కుర్రాడు బయటపడతాడా?” అని అడిగాడు.

“లేదు.”

“ఆ పిల్లని ఎవరూ ఏమీ అనరా?”

“ఎవరూ అనరు. అందరూ ఆ పిల్ల వల్లే బతికారుగా.”

పుస్తకాలు విడుదలయ్యాక ఒకరోజు వదిన ఫోన్ చేసింది. “మీ అన్నయ్య పని చేసుకుంటూ నీ రికార్డు వింటున్నాడమ్మా. ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి ఆపేసి, బెల్టు కొనుక్కొస్తానని బయటికెళ్ళాడు. ఇంట్లో బోలెడన్ని బెల్టులున్నాయి. ఏదో ఉంది. నువ్వొకసారి రా.”

పిచ్చుక వెళ్ళింది. అన్నయ్య మిషన్ మీద వంగి ఉన్నాడు, తలెత్తలేదు. ఆమె పాతమిషన్ పెట్టె మీద కూర్చుంది.

“ఇంకా ఏం దాచావు?” అంది.

కాసేపు సూది బిగించాడు. విప్పాడు. మళ్ళీ బిగించాడు.

“వాళ్ళు వెళ్ళిపోయే రోజు ఆ పిల్ల మనింటికి వచ్చింది,” అన్నాడు. “మెట్లెక్కి పైకొచ్చింది, నీకు చెప్పి వెళ్తానని. నువ్వు నిద్రపోతున్నావన్నాను.”

“నిద్రపోతున్నానా?”

“లేదు. మెలకువగానే ఉన్నావు. ఎవరొచ్చారని లోపలినుంచి అడిగావు కూడా. ఎవరూ లేరని చెప్పి తలుపు వేసేశాను. అది కాసేపు బయటే నిలబడింది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.”

లోపల వదిన గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిచ్చుక అన్నయ్యకేసి చూసింది. నెరిసిన తల, మెడ మీద నూనె మరక. తన కళ్ళు ఇవాళ అవన్నీ చూడగలుగుతున్నాయి. ఏళ్ళతరబడి అతను చెప్పినవాటిలో ఏది నిజమో ఏది కాదో ఇంకా తేలలేదు, తేలదు కూడా. ఈ మాటని మాత్రం ఆమె ఏ ఆరా తీయకుండా వెంటనే నమ్మింది.

“ఆ పిల్ల ఏడ్చిందా?” అని అడిగింది.

“చూడలేదు,” అన్నాడు. “తలుపు వేసేశాగా.”

ఆమె లేచి వెళ్ళిపోలేదు. అలాగని దగ్గరికీ జరగలేదు. వదిన టీ తెస్తే ఇద్దరూ తాగారు.