మూలబల్ల

ల్యాబు తలుపు తెరవగానే అటెండరు చేసే మొదటి పని, కడిగిన గాజు సామానంతా కిటికీ పక్కనున్న మూలబల్ల మీదికి చేరవేయడం. ఆయన చేతిలో వస్తువు నిలవదు. ఇంకెక్కడ జారినా పగిలి చీవాట్లు తెచ్చిపెడుతుంది. మూలబల్ల దగ్గర జారితే మాత్రం తీరిగ్గా వంగి పట్టుకోవచ్చు. అక్కడ ఏది పడినా నెమ్మదిగానే పడుతుంది.

ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. కిటికీకి ఎండ తగిలేది పడమటి వైపో తూర్పు వైపో తెలిసినట్టే ఇదీ తెలుసు. ఏటా రోల్ నంబరును బట్టి ఆ బల్ల ఎవరో ఒకరికి వస్తుంది. ఈ ఏడు రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి వచ్చింది. ఇంట్లోనూ క్లాసులోనూ ఆమెని ‘నిదానం’ అనే పిలుస్తారు. ఒక ప్రశ్నకి ఆమె జవాబు చెప్పేసరికి మేడం రెండో ప్రశ్న అడిగేసి ఉంటుంది. “దీనికి తగ్గ బల్లే దొరికింది” అని క్లాసంతా నవ్వింది. నిదానం కూడా నవ్వింది, అందరి తర్వాత.

ఆ వారం ప్రయోగం లోలకం. కొక్కేనికి దారం కట్టి, దారానికి ఇనప గుండు వేలాడదీసి, అది ఎన్ని సెకన్లకి ఒకసారి ఊగుతుందో చూడాలి. దాన్నుంచి భూమి వస్తువుల్ని ఎంత గట్టిగా లాగుతోందో లెక్క కట్టాలి. పుస్తకంలో ఉన్నది, సెంటీమీటర్ల లెక్కన, తొమ్మిది వందల ఎనభై. నిదానానికి మూడు వందలు వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ మూడు వందలే.

పక్క బల్ల స్నేహితురాలు అప్పటికే రికార్డు మూసేసింది. ఆమె పేరు రాకెట్టు. గుండుని ఊపకుండానే ప్రయోగం ముగించే నేర్పు ఆమెది.

“ఇంకా ఊపుతూనే ఉన్నావా? జవాబు తెలిసిందేగా. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు వండేసెయ్యి.”

“నాకు మూడొందలే వస్తోందే.”

“మూలబల్లకి అంతే వస్తుంది. ఎవరు కాదన్నారు? రాయాల్సింది మాత్రం తొమ్మిదొందల ఎనభై.”

గంట కొట్టారు. నిదానం కంగారుగా తొమ్మిది వందల ఎనభై రాసేసింది. జీవితంలో ఆమె తొందరపడి చేసిన పని అదొక్కటే.

మర్నాడు పొద్దున ఆమె వెళ్లేసరికి అటెండరు మూలబల్ల కింద గాజుముక్కలు ఏరుతున్నాడు.

“పట్టుకుందామని వంగేలోపే పడిపోయింది తల్లీ” అన్నాడు నొచ్చుకుంటూ. “నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడ గ్లాసు జారితే టీ తాగొచ్చి పట్టుకునేవాణ్ణి. ఏడాదికేడాది ఇదీ మామూలు బల్లయిపోతోంది.”

నిదానం గుండుని ఊపి చూసింది. నిన్నటికంటే చురుగ్గా ఊగింది. లెక్క కడితే ఐదు వందలు. తను రాసిన అంకె వైపు ఆ మూల రాత్రికి రాత్రి అంత దూరం నడిచి వచ్చిందన్నమాట. ఏటా ఎవరో ఒకరు రాస్తారు, అది కాస్త బరువెక్కుతుంది. తన అబద్ధాన్ని నిజం చేయడానికి ఇంకొకరు అవస్థపడుతుంటే కలిగే సిగ్గు ఆమెకి కలిగింది. నిన్న రాసిన అంకె మీద గీత కొట్టి, పక్కన ఐదు వందలు అని రాసింది.

మేడం పిలిచింది. మేడంకి ఏడో నెల. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, నడుముకి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

“ఇదేంటమ్మా? బాగున్నదాన్ని కొట్టేశావు?”

“అది నేను వండింది మేడం. ఇది నాకు వచ్చింది.”

“మూలబల్ల సంగతి నాకు తెలీదా? కానీ రికార్డు వేరు, బల్ల వేరు. రేపు పరీక్షకొచ్చే బయటి ఎగ్జామినరుకి నేనేం చెప్పను? దిద్దుకొస్తే సంతకం పెడతాను. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. ఏడాది పోతుంది. ఆలోచించుకో.”

ఇంట్లో విషయం చెబితే, మడతపెడుతున్న దుప్పటి అమ్మ చేతుల్లో అలాగే ఉండిపోయింది. “ఏడాదంటే మాటలా? అందరూ రాసిందే నువ్వూ రాసెయ్యి” అంది. నిదానానికి భయం వేసింది. భయపడుతూనే మర్నాడు ల్యాబుకి వెళ్లి, గుండుని ఊపి, వచ్చింది వచ్చినట్టు రాసింది. ఆ మర్నాడూ అంతే చేసింది.

అంకె తగ్గసాగింది. ఎన్నాళ్లకో తన మాట ఒకరు నమ్మారన్న ధైర్యంతో ఆ మూల భుజాలు దించుకున్నట్టనిపించింది. రెండు వందలయింది, వందయింది. గుండు ఒక కొసకి వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, గుర్తొచ్చి తిరిగి వచ్చేది. అది ఒక్కసారి ఊగేలోపు ఆమె పాట పల్లవి మొత్తం పాడుకునేది. వెనక్కి విసిరిన జడ ఎప్పటికో వీపు మీద వాలేది. కిటికీ ఎండలో దుమ్ము కిందికి రావడమే మానేసింది. రాకెట్టు కూడా అప్పుడప్పుడూ వచ్చి అక్కడ ఊరికే నిలబడేది.

“ఇక్కడ తోసుకుపోవాలనిపించదే” అనేది.

సంతకాలకి ఆఖరి రోజు వచ్చింది. రికార్డులో మూలబల్ల అంకె పది. మేడం చూసి తల పట్టుకుంది.

“వందైనా కాదు, పదా? దారం పొడుగు తప్పు కొలిచి ఉంటావు. ఉండు, నేనే కట్టి చూపిస్తాను.”

“స్టూలు మీద మీరెందుకు మేడం, నేను ఎక్కుతా.”

“నువ్వు ఎక్కేసరికి కాలేజీ మూసేస్తారు” అంటూ మేడం మూలబల్ల దగ్గరి స్టూలెక్కింది. నిదానం స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది. మేడం కొక్కేనికి చెయ్యి చాచగానే స్టూలు కాలు విరిగింది.

పక్క బల్ల దగ్గర రాకెట్టు చేతిలోంచి గాజు గొట్టం జారి భళ్లుమంది. మేడం మాత్రం ఇంకా గాలిలోనే ఉంది. వెనక్కి ఒరిగి, రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని, ఎండలో దుమ్ముతో పాటు దిగుతోంది. నిదానం బొటనవేలు దానంతటదే స్టాప్‌వాచ్ నొక్కింది. ఆమె రికార్డు పక్కన పెట్టింది, విరిగిన కాలుని అడ్డు తీసింది, నేల మీద కూర్చుని చేతులు చాచింది. అంతటికీ సమయం సరిపోయింది. మేడం నిద్రపోతున్న పిల్లలా వచ్చి ఆమె ఒళ్లో ఆగింది.

మేడం అరచేతిని పొట్ట మీద పెట్టి చూసుకుంది. లోపలి బిడ్డ తన్నింది. అప్పుడు మేడంకి ఊపిరి వచ్చింది.

“ఎంతసేపు పట్టింది?” అని అడిగింది పడుకునే.

“మూడున్నర సెకన్లు మేడం.”

“స్టూలు ఎత్తు?”

“అరవై సెంటీమీటర్లు.”

మేడం పైకప్పుకేసి చూస్తూ పెదవులు కదిపి లెక్క కట్టింది.

“పది” అంది.

“నాకూ అంతే వచ్చింది మేడం.”

“మొదటి రోజు రాసిన అంకే నువ్వు ఉంచేసి ఉంటే…” అని మేడం మాట పూర్తి చేయలేకపోయింది. ఆమె కళ్లలోంచి జారిన నీళ్లు చెంప మీద చాలాసేపు ఉన్నాయి.

తర్వాత రికార్డు తెమ్మంది. నేల మీదే కూర్చుని, పది అన్న అంకె కింద సంతకం పెట్టింది. పెన్ను వేళ్లలోంచి జారింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని పట్టుకోలేదు. అది నేలకి చేరేదాకా చూస్తూ కూర్చున్నారు.