మా అమ్మ మూగదని చెప్పాను

మా అమ్మ మూగదని చెప్పింది నేనే. ఇంకెవరూ కాదు.

మా ఇళ్లల్లో ఒక భాష ఉంది. గడప దాటితే దాన్ని మాట్లాడం. బజార్లో, బడిలో, పత్తి చేలో అంతా తాజిక్‌లోనే. మా ముత్తాతలు హిందుస్తాన్ వైపు నుంచి అఫ్ఘాన్ దేశం మీదుగా కొండలు దాటి తాజిక్‌ల ఈ హిసార్ లోయకు వచ్చారంటారు. ఇక్కడివాళ్లు మమ్మల్ని అఫ్ఘాన్లంటారు. కోపమొస్తే నాస్ అమ్ముకునేవాళ్లంటారు. నాలిక కింద పెట్టుకునే ఆ పచ్చ పొగాకు పొడిని మా నాన్న నిజంగానే అమ్మాడు.

నా కూతురు గులందోమ్‌ను పొరుగూరి తాజిక్ కుటుంబం వాళ్లు తమ కుర్రాడికి అడిగారు. పిల్లకూ ఇష్టమే. అలాంటి ఇంటి నుంచి మావాళ్లలో ఎవరి పిల్లనూ ఇంతవరకూ అడగలేదు. రొట్టె విరిచి మాట ఖాయం చేసుకోవడానికి వాళ్లు వచ్చే రోజు పొద్దున, అమ్మ తందూరు దగ్గర ఉంటే వెళ్లి చెప్పాను.

"వాళ్లున్నంతసేపూ నువ్వేం మాట్లాడొద్దమ్మా."

"ఏం, నాకు తాజిక్ రాదా?"

"వచ్చు. కానీ నువ్వు నోరు తెరిస్తే మనమెవరమో తెలిసిపోద్ది."

"ఎవరంరా మనం? దొంగలమా?"

అమ్మ చేతికంటిన పిండి దులుపుకుంది. "సరేలే, నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుంటా" అంది.

కుర్రాడి తండ్రి నెమత్ వచ్చాడు. అతని తల్లి సబోహత్ వచ్చి నేరుగా మా అమ్మ పక్కనే చతికిలబడింది.

"ఎట్లా ఉన్నావక్కా? నీ మోకాళ్లు బాగున్నాయా? నావైతే నన్ను మంచం దిగనివ్వట్లేదు."

అమ్మ నవ్వింది. ఆమె మళ్లీ అడిగింది. అమ్మ నా వైపు చూసింది.

"అమ్మకు మాట లేదు పెద్దమ్మా" అన్నాను.

నెమత్ టీ గిన్నె కింద పెట్టేశాడు. "పుట్టుకతోనా?"

రేపు పుట్టబోయే మనవలు అతని కళ్లముందు కదిలినట్టున్నారు.

"కాదు కాదు. రెండేళ్ల కింద జబ్బు చేసి మాట పడిపోయింది."

ముసలామె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా అమ్మకు మాట తిరిగి రావాలని అరచేతులు చాచి దువా చేసింది. అందరూ చేతులు చాచారు. నేనూ చాచాను. అమ్మ కూడా చాచి, ఆమీన్ అన్నప్పుడు ఆ చేతులతో ముఖం తుడుచుకుంది.

తర్వాత రొట్టె తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టారు. ఇంటికి పెద్దామె దీవెన పైకి చదువుతూ రొట్టె విరవాలి. నాకా సంగతే తట్టలేదు. ఆ మాటల కోసం అమ్మ వారం రోజులుగా తనలో తాను వల్లె వేసుకుంటోందని నా భార్య తర్వాత చెప్పింది. అమ్మ రొట్టె విరిచింది. పెదవులు కదిలాయి, అంతే. నా కూతురి దీవెన సబోహత్ చదివింది.

వాళ్లు వెళ్లాక అమ్మ నన్ను తిట్టలేదు. "మంచి మనిషిరా ఆమె" అని మాత్రం అంది.

మూడో రోజు నెమత్ ఫోన్ చేశాడు. మా అమ్మ కోసం వాళ్లమ్మ మొక్కుకుందట, బుధవారం దర్గాకు పోదామందట. కాదనడానికి నాకు నోరు రాలేదు. నా పాత కారులోనే ఇద్దర్నీ తీసుకెళ్లాను. దర్గాకు నలభైకి పైగా మెట్లు. సబోహత్ ఒక చంకలో తెల్ల కోడిపుంజును ఇరికించుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకీ "యా అల్లా" అంటూ ఎక్కింది. నేనందుకుంటానంటే పుంజును ఇవ్వలేదు. మొక్కు తనదే అంది. పైకెళ్లాక సమాధికి నుదురు ఆనించి ఏడ్చింది.

అమ్మ నా చొక్కా పట్టుకుని గోడ వారకు లాగింది. మా భాషలోనే గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు మాట్లాడమంటావా? మాట్లాడితే దర్గా మహిమంటారు. నీకు పోయేదేం లేదు. ఆమె ఏడుపు నేను చూడలేకపోతున్నా."

అది చాలా తేలికైన దారి. ఆ దారినే పోదామని నాకు అనిపించింది. అనిపించలేదని చెప్పను. కానీ ఆ పుంజు రెక్కలు కొట్టుకుంటుంటే, దాన్ని వదలకుండా ముసలామె ఇంకా ఏడుస్తూనే ఉంది. వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"పెద్దమ్మా, మా అమ్మ మూగది కాదు. ఆమె యాస వింటే మేమెవరమో తెలిసిపోద్దని నేనే మాట్లాడొద్దన్నాను."

ఆమె ఏడుపు ఆపి నా వైపు తిరిగింది.

"మీరు అఫ్ఘాన్లని మాకు తెలీదనుకున్నావా? మా ఆయన మీ నాన్న దగ్గరే నాస్ కొనేవాడు. తెలిసే అడిగాం మీ పిల్లను."

నేను తల దించుకున్నాను.

"అది పోనీ. ఈ మెట్లు నాతో ఎందుకెక్కించావయ్యా?"

నేను ఆమె మోకాళ్ల వైపు చూశాను.

"పెళ్లి ఆగదులే" అంటూ ఆమె పైకి లేచింది. "పెళ్లి మాటలు నెమత్ నీతో మాట్లాడతాడు. నేను మాత్రం మీ అమ్మతోనే మాట్లాడతా."

పుంజును నా చేతిలో పెట్టి అమ్మ దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. కారులో వెనక కూర్చుని దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అమ్మకు తాజిక్‌లో మాట తట్టని చోట మా భాషలో మాట పడుతుంటే, ముసలామె అర్థమైనట్టే ఊ కొడుతోంది.

ఊరొచ్చేదాకా నేను ముందు అద్దంలో వాళ్ల వైపు చూడలేదు.