తోడల్లుడి సీలు

తోడల్లుళ్ళిద్దరూ ఒకే చోట ఉద్యోగం చేయకూడదని ఏ శాస్త్రంలోనూ రాయలేదు గానీ, రాసి ఉండాల్సింది. అణు వ్యర్థాలను రోడ్డు మీద మోసుకెళ్ళే ఉక్కు పెట్టెలను మంటల్లో పెట్టి పరీక్షించే చోట పెద్దల్లుడు పదేళ్ళుగా ఉన్నాడు. పెట్టె మూత సందు కారకుండా అతడు తయారుచేసిన సీలు కిందటేడు మంటకు ముద్దయి కూర్చుంది. ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన చిన్నల్లుడి సీలు వంతు. ఇది నెగ్గిందా, డిజైన్ విభాగం అతడి చేతికే పోతుంది. అత్తవారింట్లో అప్పుడే చిన్నల్లుడు, చిన్నల్లుడు అని ఒకటే జపం. పెద్దల్లుడికి అన్నం సహించడం లేదు.

చమురు మడుగు మీద పెట్టె అరగంట భగభగా కాలింది. మంట ఆరగానే అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దల్లుడు కొట్టలేదు. అసలు గండం ఇప్పుడే మరి! పైన మంట ఆరినా, ఉక్కులోని వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. తెర మీద సీలు వేడి చూపించే అంకె పైకి పాకుతోంది. 'ఎక్కవే తల్లీ, ఎక్కు' అనుకున్నాడు కసిగా.

అంకె, దాటితే సీలు పోయినట్టే అనే ఎర్రగీత దగ్గరికి వచ్చేసరికి చిన్నల్లుడికి ముచ్చెమటలు పోశాయి. నీళ్ళ మీట మీద చెయ్యి వేశాడు.

"అన్నయ్యా, నీళ్ళు కొట్టేద్దామా? చుక్క పడినా పరీక్ష రద్దవుతుంది, అంతేగా. మళ్ళీ పెట్టించుకోవచ్చు."

మళ్ళీనా! పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. తనకెవడిచ్చాడు రెండో అవకాశం? ఓడిపోతే వీడూ తనలాగే అందరి ముందూ ఓడిపోవాలి.

"చెయ్యి తియ్యి! రోడ్డు మీద కాలితే నీళ్ళు పొయ్యడానికి ఎవడొస్తాడు? ముట్టుకున్నావో, ఊరుకోను!"

చిన్నల్లుడు చెయ్యి తీసేశాడు. అంకె గీత అంచున ఆగింది, ఊగిసలాడింది. తర్వాత, ఏం మాయరోగమో, దిగడం మొదలుపెట్టింది.

సాయంత్రం చిన్నల్లుడు మామగారికి ఫోను చేశాడు.

"నేను జావగారిపోయాను మామయ్యా. అన్నయ్యే ఆపారు. నా సీలు మీద నాకు లేని నమ్మకం ఆయనకుంది. ఇదుగో, ఆయనకే ఇస్తున్నా."

"బంగారంలాంటి మనసయ్యా నీది," అన్నారు మామగారు. "ఇంకొకడైతే కుళ్ళుకుని చచ్చేవాడు."

ఆ నోట ఒక్క మంచిమాట కోసం పెద్దల్లుడు పదేళ్ళుగా మొహంవాచి ఉన్నాడు. తీరా వచ్చాక మింగలేకపోయాడు, కక్కలేకపోయాడు.

"ఆఁ, ఏదో... మనవాడే కదండీ," అన్నాడు.

చిన్నల్లుడు వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.