ఎవరి కడుపు

హిందూపురం దాటింది రైలు.

కిటికీ ఊచలు చురుక్కుమంటున్నాయి. వేడిగాలి... గాలితోపాటు ఎర్రటి దుమ్ము. యశోదమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ ధ్యాసే లేదు.

ఎదురుగా కొడుకు రాఘవేంద్ర. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఇప్పుడు నాలుగు మెతుకులు తింటే కక్కుకుంటున్నాడు.

పుట్టుకతోనే వాడి ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి లేదు. నెలనెలా బెంగళూరు పోయి మందు ఎక్కించుకోవాలి. ఆ లోపం తల్లి నుంచే వచ్చిందన్నారు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

అప్పుడే చెప్పాడు అక్కడి డాక్టరు, కన్నడం కలిసిన తెలుగులో —

"ఇది తల్లి కడుపు నుంచి వచ్చేది అమ్మా. ఏడాదికోసారి కడుపు పరీక్ష చేయించాల. మరీబేడి."

మరవలేదు ఆమె. ఒక్క ఏడూ మరవలేదు.

హిందూపురంలో స్కానింగ్. కడుపునిండా నీళ్లు తాగి, ఉగ్గబట్టుకుని, బల్లమీద పడుకునేది. గర్భసంచి బాగుందమ్మా అనేవాళ్లు. కొడుకు గట్టెక్కినట్టే సంబరంగా ఇంటికి వచ్చేది.

కడుపంటే — తనదనుకుంది.

వాణ్ని కన్న కడుపు. దోషం ఉన్న కడుపు. ఇంకెవరిది చూపించాలి?

ఈ ఉదయం బెంగళూరు ఆసుపత్రిలో వాడి గొంతులోంచి కెమెరా దించారు. మత్తు వదలక వాడు బయట బెంచీమీద వాలిపోయాడు. లోపల డాక్టరు అడిగాడు.

"ఇలాంటోళ్లకి కడుపులో కేన్సర్ వచ్చే భయం ఎక్కువ. అందుకే ఏటా చూపించమన్నాను. చూపించలేదా?"

"చూపించినా సార్! ఏ యేడూ తప్పలేదు. నా కడుపు బాగుండాదన్న్యారు."

డాక్టరు తలెత్తాడు.

"నీది కాదమ్మా..."

గడ్డ ఉంది. పెద్దదే. ముక్క తీసి పరీక్షకు పంపారు. ముందే చూసి ఉంటే — అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ ఆపిన మాటే యశోదమ్మను కాల్చుకు తింటోంది. నా నోట్లో మన్ను పడ! ఎవరి కడుపు సార్ అని ఒక్క మాట అడగలేకపోయానే... ఒక్క మాట.

పెనుకొండ.

ఉడకబెట్టిన చెనిక్కాయలమ్మే ఆవిడ పెట్టెలోకి ఎక్కింది. రాఘవేంద్ర గంపకేసి ఆశగా చూశాడు. ముఖం తిప్పుకున్నాడు.

"డాక్టరు ఏమన్న్యాడుమా?"

ఆమె నోరు తెరిచింది. చెంగుతో వాడి నుదుటి చెమట తుడిచింది.

వాడే నవ్వాడు.

"భయపడొద్దులేమా. ప్రతి యేడూ నీది బాగుండాదనే గదా చెప్తాండారు. నీ కడుపున పుట్టినోణ్నే గదా... నాదీ బాగుంటాది."

"ఔను నాయనా," అనేసింది యశోదమ్మ.

రైలు కదిలింది. ధర్మవరం వచ్చేలోగా చెప్పాలి.

ఎట్లా చెప్పాలి...