జోకర్ చెల్లని ఆట

వంటగిన్నెలు కడిగేశాక వరండాలో మాజాంగ్ బిళ్లలాటకి బల్ల చుట్టూ చేరడం ఆ కొండమీది వేసవి బంగళాల్లో ఆడవాళ్లకి రోజూ ఉన్నదే. మగవాళ్లు శుక్రవారం సాయంత్రానికిగానీ న్యూయార్క్ నుంచి రారు. బల్ల కాలొకటి పొట్టి. ఎవరు మోచెయ్యి ఆనించినా ఊగుతుంది.

"దుప్పట్లు ఆరి చావలేదర్రా. నేను గాలుల కూర్పుకే వెళ్తా," అంది మిల్డ్రెడ్, అందరికన్నా పెద్దావిడ.

గెలిచింది కూడా. నాలుగు దిక్కుల గాలుల బిళ్లలూ పరిచేసరికి తీగమీద దుప్పట్లు ఎగిరెగిరి ఆరిపోయాయి. ట్రూడీ వెళ్లి మడతపెట్టుకొచ్చింది. వరస సంఖ్యలతో గెలిస్తే ఆలస్యమైన బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బేసి సంఖ్యలతో గెలిస్తే భోజనానికి ఒకరు ఎక్కువొస్తారు. అందుకే ఇంట్లో చేప తక్కువున్న రోజు గసీ బేసి జోలికి పోదు.

జంటల కూర్పు దారి వేరు. ఎవరైనా పారేసిన బిళ్లని పిలిచి తీసుకోవడానికి లేదు, ఆఖరి బిళ్ల దాకా నోరు కట్టేసుకోవాలి. దేనికైనా బదులు నిలబడే జోకర్ అందులో చెల్లదు. అది గెలిస్తే విడిపోయిన జత కలుస్తుంది. కిందటేడు మిల్డ్రెడ్ గెలిస్తే, మొగుడు రైల్లో పారేసుకున్న ఒంటి చేతితొడుగు వచ్చి తలుపు తట్టింది.

హెన్నీ ఎప్పుడూ అది గెలవలేదు. గెలిచే కూర్పులు రాసిన కార్డంతా కంఠతా వచ్చు, నోరే వినదు. ఏది పడినా "నాకే!" అని లాక్కుని, ఆట చెడ్డాక నాలుక్కరుచుకుంటుంది. "నేను చంపిన ఆటలన్నిటికీ గోరీలు కడితే ఈ కొండ చాలదే," అని తనే ముందు నవ్వుతుంది.

ఇవాళ నవ్వలేదు. చెల్లెలు బెస్ సాయంత్రం రైలుకి కాలిఫోర్నియా వెళ్లిపోతోంది, మళ్లీ రాదట. బెస్‌ని చేసుకుంటానన్న పళ్ల డాక్టరు సంగతి, మాట ఖాయం కాకముందే కిందటి వేసవిలో హెన్నీ ఈ వరండా అంతా చాటింది. ఆయన బెదిరి తప్పుకున్నాడు. "ఒక్క పూట నీ నోరు మూతపడనీ అక్కా, అప్పుడు మాట్లాడుకుందాం," అని పెట్టేసిన ఫోను బెస్ మళ్లీ ఎత్తలేదు.

"ఏమే హెన్నీ, ఉలుకూ పలుకూ లేదు! పన్ను నొప్పా?" అంది గసీ.

"ఉంటే మాత్రం ఏం చేస్తుంది? డాక్టర్ని తరిమేసిందిగా!" అంది ట్రూడీ.

హెన్నీ కేకు ముక్క నోట్లో కుక్కుకుంది. కావలసిన బిళ్లే గసీ పారేసింది. గొంతుదాకా వచ్చిన "నాకే"ని కేకుతో పాటు మింగింది. తర్వాత చేతికి జోకర్ వచ్చింది. ఇదివరకైతే ముద్దుపెట్టుకునేది. మొన్న చలికాలమంతా ఆదివారాలు బెస్ కుర్చీలో పక్కింటావిణ్ణీ, దారినపోయేవాళ్లనీ కూర్చోబెట్టి సూపు పోసింది. ఎవరూ బెస్ కాలేదు.

జోకర్ని బల్ల మధ్యకి విసిరేసింది.

"పిచ్చెక్కిందా నీకు!" అని ట్రూడీ కేకేసింది. మిల్డ్రెడ్ కళ్లద్దాల మీదుగా హెన్నీని చూసి, "దాన్ని కదిలించకండి. ఆడుతోంది," అంది మెల్లగా.

కాసేపటికి ట్రూడీ ఏడు వెదుళ్ల బిళ్ల పారేసింది.

"మాజాంగ్," అంది హెన్నీ. గెలిచానని చెప్పే ఆ పిలుపే ఆ పూటకి ఆమె మొదటి మాట.

ఏడు జతలు, ఒక్కదాంట్లోనూ బదులు బిళ్ల లేదు. మిల్డ్రెడ్ వాటిని ముట్టుకోకుండా వంగి చూసింది. "నలభై ఏళ్లుగా ఆడుతున్నా, ఇంత నిఖార్సైన ఆట చూళ్లేదమ్మా."

మెట్ల దగ్గర పెట్టె చప్పుడైంది. బెస్, చెమటతో, చిరాగ్గా. "నేనెక్కింది స్టేషను బస్సు. తీరా ఇక్కడికి తెచ్చి, ఇదే ఆఖరు, దిగమన్నాడు డ్రైవరు!"

"జంటల కూర్పు పడిందిలే. రా, కూర్చో," అని ట్రూడీ తన కుర్చీ ఇచ్చేసింది.

బెస్ అక్క ముఖంలోకి చూసింది. "ఏమక్కా? తిట్టవా? డాక్టరు గురించి నాలుగు ముక్కలు చెప్పవా?"

హెన్నీ నోరు తెరిచింది. తెరిచి, మూసి, పెద్ద కేకు ముక్క కోసి చెల్లెలి ముందు పెట్టింది.

బెస్ అక్కనే చూస్తూ కేకంతా తింది. అప్పుడు మోచెయ్యి ఆనించి బిళ్లలు కలపబోతే బల్ల ఊగింది. సంచీలోంచి రైలు టిక్కెట్టు తీసి, నాలుగు మడతలు పెట్టి, పొట్టి కాలికింద దోపింది.