వచ్చే ఏటి అడుగులు

మట్టలాదివారానికి ముందు శనివారం చాండ్లర్ తెలుగు చర్చివాళ్ళు ఎడారిలో నాలుగు మైళ్ళు నడిచి, పాత మట్టి ప్రార్థనామందిరానికి వెళ్ళి వస్తారు. పొద్దున్నే పార్కింగ్ లాట్‌లో వందనాలు చెప్పుకుంటారు, ఒకరి మెడకి ఒకరు సన్‌స్క్రీన్ రాసుకుంటారు. నరసాపురం జీవరత్నం ఆంటీ పులిహోర పొట్లాలు పంచుతుంది. ఒక్కటి ఎక్కువ రాదు, ఒక్కటి తక్కువ కాదు. ఎన్ని కావాలో ఆవిడ నిరుడే రాసిపెట్టుకుని ఉంటుంది.

దారి ఎండిన వాగులోంచి పోతుంది. ఆ వాగు ఇసుకలో వచ్చే ఏడాది నడవబోయేవాళ్ళ అడుగులు ఈ ఏడాదే పడి ఉంటాయి. పిల్లలు పరిగెత్తుకెళ్ళి తమవి వెతుక్కుని కాలు పెట్టి చూసుకుంటారు. తల్లులు ఏ సైజు బూట్లు కొనాలో అక్కడే తేల్చుకుంటారు. ఒక కుటుంబం బదిలీ మీద ట్రాయ్ ఊరికి వెళ్ళిపోబోతోందని వాళ్ళ ఆఫీస్ కంటే ముందు వాగే చెప్పింది. రెండేళ్ళ కిందట జీవరత్నం ఆంటీ భర్త అడుగులు కనబడలేదు. ఆవిడ లెక్కలో ఒకటి తగ్గించి రాసుకుంది. ఆ ఏడాదంతా ఆయనకిష్టమైన చింతచిగురు రొయ్యలు వండిపెట్టింది. క్రిస్మస్ దాటాక ఆయన పోయాడు.

ఈసారి ఎవాన్ అడుగులు లేవు.

రూతు మూడుసార్లు వెతికింది. తనవి ఉన్నాయి. పక్కన భర్త సుందర్ రాజ్‌వి ఉన్నాయి, మడమ ఒకవైపు అరిగినవి. కొడుకు పరుగుబూట్ల నక్షత్రం గుర్తు మాత్రం ఎక్కడా లేదు. ఆంటీ రూతు మొహం చూసి, ఇరవై రెండు అని రాసుకుని ముందుకు నడిచింది. ఎవాన్, "నెక్స్ట్ ఇయర్ ఆ రోజు నాకు వర్క్ ఉంటుందేమో మమ్మీ," అని నవ్వేశాడు.

రూతు ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర మూడు లెక్కపెట్టందే కారు కదల్చని మనిషి. పద్దెనిమిదేళ్ళ కిందట, ఏడో నెలలోనే పుట్టిన ఎవాన్ గాజుపెట్టెలో అరచేతంత ఉన్నప్పుడు, వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇస్తానని దేవుడికి మొక్కుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వాడి మెడకి గుదిబండ అవుతుందని భయం, నెరవేర్చకపోతే దేవుడి ముందు అబద్ధమాడినట్టవుతుందని భయం. అందుకే కారణం చెప్పకుండా వాడిచేత బైబిల్ కాలేజీకి అప్లై చేయించింది. సీటు వచ్చింది. వాడేమో వారాంతాల్లో ఒక ఏసీ మెకానిక్ వెంట ఇళ్ళ కప్పులెక్కుతున్నాడు, ఆ పనిలోనే అప్రెంటిస్‌గా చేరతానంటున్నాడు. మొన్న వాడి మొహం చూడలేక, పోనీ నీ ఇష్టం అనేద్దామా అనుకుంది. అనుకోవడం వరకే. అది కూడా దేవుడు విన్నట్టున్నాడు.

మందిరంలో అందరూ కీర్తన పాడుతుంటే ఆమె కొడుకు బూట్ల వైపే చూస్తూ నిలబడింది. ప్రార్థన అయ్యాక బయట నిలువెత్తు జెముడు నీడలో ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు.

"వీడు మనకి దక్కడేమోనండీ," అని మొదలుపెట్టి, మొక్కు సంగతంతా చెప్పేసింది.

ఎవాన్ పొట్లం విప్పడం ఆపాడు.

"మమ్మీ, ఇక్కడ జూలైలో ఏసీ పోతే ముసలివాళ్ళు చచ్చిపోతారు. లాస్ట్ ఇయర్ ఒక గ్రాండ్‌మా, మేం ఫిక్స్ చేశాక, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అది కౌంట్ అవ్వదా?"

దేవుడికిచ్చిన మాట, అనుకుంది రూతు. మాటంటే మాటే కదా.

సుందర్ రాజ్ బైబిల్ రోజుకో అధ్యాయం చొప్పున, అందరూ దాటేసేవి కూడా దాటకుండా చదివే మనిషి. పులిహోర ఆఖరి మెతుకు దాకా తిని, చెయ్యి తుడుచుకుని అడిగాడు.

"ఈ మొక్కు సంగతి నాకెప్పుడైనా చెప్పావా?"

"లేదు."

"సంఖ్యాకాండం ముప్పయ్యో అధ్యాయం. భార్య మొక్కుకున్నది భర్త విన్న రోజునే కాదంటే అది నిలవదు, దేవుడు ఆమెని క్షమిస్తాడు. నేను విన్నది ఇవాళ. వద్దంటున్నాను."

"పద్దెనిమిదేళ్ళయిందండీ."

"నేను విని పది నిమిషాలైంది."

ఆమె సూర్యుడి వైపు చూసింది, ఈ రోజు ఎక్కడ దాటిపోతుందోనని. "కాపురంలో నా మాట ఏనాడూ కాదనలేదు మీరు."

"అందుకే ఒక 'కాదు' మిగిలింది. వాడేసుకున్నాను."

ఎవాన్ పొట్లం విప్పి తినడం మొదలుపెట్టాడు.

తిరుగుదారిలో వాడే తల్లి సంచీ మోశాడు. వాగులో ముందు నడుస్తున్న జీవరత్నం ఆంటీ ఉన్నట్టుండి ఆగి, "రూతూ, ఇలా రామ్మా," అంది.

రూతు అడుగుల పక్కన, పొద్దున ఉత్త ఇసుక ఉన్నచోట, పెద్ద బూట్ల గుర్తులున్నాయి. మొన గుండ్రంగా, మడమ లోతుగా, బరువు మోసే మనిషి నడిచినట్టున్నాయి. ఎవాన్ తన కాలు అందులో పెట్టి చూశాడు. వేలెడు చోటు మిగిలింది.

"స్టీల్ టో, పనిలో వేసుకునేవి," అన్నాడు. "నేనింకా కొనలేదు ఇవి."

ఆంటీ ఇరవై రెండు కొట్టేసి ఇరవై మూడు రాసింది. కాసేపు ఆలోచించి, అదీ కొట్టేసి ఇరవై నాలుగు చేసింది.

"పనిలో ఉండే పిల్లాడు," అంది. "ఒక పొట్లం ఏం సరిపోతుంది?"

రూతు ఆ బూటు గుర్తులు చెరగకుండా, వాటి పక్కనే, ఆచితూచి అడుగేస్తూ వాగు దాటింది.